మాట నిజమే, కానీ...

నాలుగేళ్ల కిందటి సంగతి. మా పదో తరగతి అమ్మాయిలందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అమ్మాయిలు అన్నానే గానీ అందరం అమ్మమ్మలం, నాయనమ్మలం అయ్యే వయసువాళ్లమే! తెనాలి నుంచి టెక్సాస్ దాకా ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లం అరవై రెండు మందిమి మళ్లీ ఒకచోట చేరాం. పొద్దున్నే గులాబీలు, శుక్రవారం లక్ష్మీదేవి, పండగొస్తే అరిసెలూ బొబ్బట్లూ, మధ్యలో మనవల బోసినవ్వులు... హాయిగా సాగిపోతూ ఉండేది.

ఒకరోజు రాత్రి పదిన్నరకి, బళ్లో నా పక్కనే కూర్చునే స్నేహితురాలు ఒక ఫార్వర్డ్ పెట్టింది. ఏవో ఆకులు కాచి నలభై రోజులు తాగితే బీపీ మాత్రలు ఇక జన్మలో వేసుకోనక్కర్లేదట. చదివేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ రోజు పనమ్మాయి రాలేదు, అంట్లన్నీ నేనే తోముకున్నాను, నడుం లాగేస్తోంది. ఆ చిరాకంతా వేళ్లలోకి వచ్చేసింది కాబోలు, టకటకా కొట్టేశాను. "ఎమ్మెస్సీ చదివావు, పాతికేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పావు. నువ్వే ఇలాంటివి నమ్మితే ఇక చదువురానివాళ్లని ఏమనాలి?" అని. చివర కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతున్న బొమ్మ ఒకటి. రెండు నిమిషాల్లో తొమ్మిదిమంది అదే నవ్వు బొమ్మ పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గొప్పగా కూడా అనిపించింది.

తెల్లారేసరికి ఆమె గ్రూపులో లేదు.

రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. 'అంతమాత్రానికే అలగాలా? మంచి చెప్పినా తప్పేనా?' అనుకుని నేనూ ఊరుకున్నాను. ఏడాది దాటాక గుంటూరులో ఒక పెళ్లిలో కనిపించింది. పక్కన వాళ్లాయన. మూతి కొంచెం వంకరపోయి ఉంది, ఎడమచెయ్యి సరిగ్గా లేవడం లేదు. భోజనాల దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు అడిగితే చెప్పింది. ఆయన అప్పటికే మాత్రలు మానేస్తానని గొడవ చేస్తున్నారట. ఆ కషాయం సంగతి నిజమో కాదో మనలో ఎవరికైనా తెలిసి ఉంటుందని గ్రూపులో పెట్టిందట.

"నువ్వు నవ్వావు. నీ వెనకాల అందరూ నవ్వారు. నాకు మొండి వచ్చింది. పట్టుదలగా కాచి ఇచ్చాను. రెండు నెలలు మాత్రలు వేసుకోలేదు, పక్షవాతం వచ్చింది. నువ్వు కారణమని అననే. కాచి ఇచ్చింది నేను. కానీ ఆ రాత్రి నువ్వు ఫోన్ చేసి చెప్పుంటే వినేదాన్నేమో..."

నా విస్తట్లో అన్నం అలాగే ఉండిపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య మన వాదనలన్నీ ఫోన్లలోకి వచ్చేశాయి. కుటుంబం గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు, పిల్లల క్లాసు తల్లుల గ్రూపు, భజన మండలి గ్రూపు, ఫేస్‌బుక్కు సరేసరి. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని సరిదిద్దుతూనే ఉన్నారు. చాలాసార్లు సరిదిద్దేవాళ్ల మాటే నిజం. నేను రాసినదాంట్లోనూ వైద్యపరంగా తప్పేమీ లేదు. బీపీకి నొప్పి ఉండదు. ఎక్కువైనా మనిషికి తెలియకపోవచ్చు. బాగానే ఉన్నాం కదా అని డాక్టర్ని అడక్కుండా మందు ఆపేస్తే లోలోపల పెరిగిపోయి, మెదడుకో గుండెకో ముప్పు తెస్తుంది. ఇదంతా నాకు తెలుసు. కానీ ఆ రాత్రి నేను ఇదేమీ రాయనే లేదు! ఇప్పటికీ ఆ మెసేజ్ తీసి చూసుకుంటూ ఉంటాను. అందులో బీపీ గురించి ఒక్క ముక్కా లేదు. అంతా ఆవిడ చదువు గురించే.

మందు తప్పని చెప్పడం మానేసి మనిషి తక్కువని చెప్పాను. మనం ఫోన్లలో చేసుకునే గొడవలు నూటికి తొంభై ఇలాగే మొదలవుతాయని నాకనిపిస్తుంది.

ఆ రాత్రి ఏం చేసి ఉండాల్సింది? ముందు ఫోన్. పదిన్నర దాటితే పొద్దున్నే ఫోన్. "ఏమే, ఆ కషాయం అన్నయ్యకి గానీ ఇస్తున్నావా?" అని అడిగితే చాలు, మిగతా కథంతా ఆమే చెప్పేది. ఆ తర్వాత గ్రూపులో ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరినీ వెక్కిరించకుండా, "డాక్టర్ని అడగకుండా బీపీ మాత్రలు ఆపకండమ్మా, ప్రమాదం" అని రెండు ముక్కలు. చూసిన మిగతా అరవై మందికీ ఆ సంగతి తెలియాలి కదా, కాబట్టి అక్కడా రాయాలి. ఫోన్ చేశాం కదా అని గ్రూపులో ఊరుకుంటే ఆ ఫార్వర్డ్ ఇంకో పది గ్రూపులకు పోతుంది. ఇవి ఎంత దూరం పోతాయో మనం చూశాం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు వాట్సాప్‌లో పాకి, మన తెలుగునాట సహా దేశంలో పలుచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు. 2020లో, అప్పటికే చేతులు చాలా మారిన మెసేజ్‌కి రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది ఒకసారికి ఒక్క చాట్‌కే పోయేట్టు చేశారు. ఆ రెండు బాణాలు కనిపిస్తే పంపేముందు నేను కాసేపు ఆగుతున్నాను. మీరూ గమనించి చూడండి.

మనవాళ్లకి వాదన కొత్తేమీ కాదు. గౌతముడి న్యాయసూత్రాల్లోనే వాదనని మూడు రకాలుగా విడదీశారు. ఇద్దరూ కలిసి నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా నెగ్గాలని చేసేది జల్పం. తనకంటూ ఒక మాట లేకుండా ఎదుటివాళ్లది కొట్టిపారెయ్యడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. ఈ మూడోదాన్ని మనం ఇంట్లో రోజూ వాడుతూనే ఉంటాం, "వితండవాదం చెయ్యకు" అని. నేనా రాత్రి చేసింది రెండోది. ఆ తొమ్మిది నవ్వు బొమ్మలే నా బహుమతి. ఎదుటివాళ్లు ఏమంటున్నారో ముందు సరిగ్గా చెప్పి, ఆ తర్వాతే మన మాట చెప్పడం పాత శాస్త్రాల్లో ఒక పద్ధతి. దాన్నే పూర్వపక్షం అన్నారు. "నువ్వు అంటున్నది ఇదీ, అంతేనా?" అని ఒక్కసారి అడిగి చూడండి. సగం గొడవలకి అక్కడే జవాబు దొరుకుతుంది. "కాదు, నేననేది అది కాదు" అంటారు!

ఇక మన ఆడవాళ్లకే తెలిసిన కొన్ని విద్యలున్నాయి. ఒకటి 'కొందరు' విద్య. "కొందరికి ఎంత చెప్పినా బుద్ధి రాదు" అని స్టేటస్ పెట్టడం. ఎవరి గురించో ఊరంతటికీ తెలుసు. ఆవిడ బాధపడి అడిగితే, "నేను నీ పేరు పెట్టానా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు..." అని సామెత. పాపం, ఆవిడ మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే. ముఖం మీద తిట్టినవాళ్లని క్షమించగలను గానీ ఈ 'కొందరు' అనేవాళ్లని చూస్తే మాత్రం నాకు భయం.

ఇంకోటి మర్యాదతోనే కొట్టడం. చిన్నప్పటి నుంచి 'ఏమే, ఒసే' అనుకున్నవాళ్లు కోపం రాగానే 'మీరు'లోకి వెళ్లిపోతారు. "మేడమ్ గారు సెలవిచ్చారు కదా, ఇక మనమెంత!" అంటారు. పైకి చూస్తే ఒక్క చెడ్డమాట ఉండదు. కాబట్టి 'గారు' ఉందా లేదా అని చూస్తే లాభం లేదు. మా నాయనమ్మ ఎవరినీ 'గారు' అనేది కాదు, అయినా ఆవిడతో వాదించి ఏడ్చి వెళ్లినవాళ్లని నేను చూడలేదు.

'మీవాళ్లు' అనే మాట మరీ పాడుది. 2014కి ముందు, రాష్ట్రం విడిపోతుందా లేదా అని ఇంటా బయటా వాదించుకునే రోజుల్లో నాతో పనిచేసే వరంగల్ ఆవిడా నేనూ రోజూ కలిసే భోంచేసేవాళ్లం. ఇద్దరివీ చెరో పక్క. గట్టిగానే వాదించుకునేవాళ్లం. ఒకరోజు ఆవిడే అంది, "మనం ఏమన్నా అనుకుందాం గానీ 'మీవాళ్లంతా ఇంతే' అని మాత్రం వద్దక్కా. నేను వందమంది తరఫున జవాబు చెప్పలేను" అని. ఆ ఒక్క నియమంతో ఏడాది పైన వాదించుకున్నాం. ఆ జూన్ 2న ఆవిడ మిఠాయి తెచ్చి పెడితే తిన్నాను. నా మనసు బాగాలేదని ఆవిడకి తెలుసు, తిన్నానని సంతోషించింది. ఇప్పటికీ బతుకమ్మ పండక్కి మలీద ముద్దలు పంపిస్తుంది. అదే మా బంధువుల్లో ఇద్దరు ఫేస్‌బుక్‌లో ఇదే విషయం మీద మొదలుపెట్టి, ఒకరి ఊరినొకరు తిట్టుకుని, చివరికి పెళ్లిళ్లకి కూడా రాకపోకలు మానేశారు. ఎదురుగా కూర్చుంటే అవతలివాళ్ల కళ్లలో నీళ్లు కనిపిస్తాయి, మన గొంతు దానంతటదే తగ్గుతుంది. ఫోన్‌లో ఆ వీలు లేదు. 'సరే' అని రాస్తే అది ఒప్పుకోవడమో, విసుక్కోవడమో, పోరా అనడమో చదివేవాళ్లే ఊహించుకోవాలి.

అందుకే కోపంలో రాసింది వెంటనే పంపకూడదని నేను పెట్టుకున్న నియమం. రాస్తాను. పంపను. వంటింట్లోకి వెళ్లి పాలు తోడేసి వస్తాను. వచ్చి చదివితే సగం కొట్టెయ్యాలనిపిస్తుంది. వాట్సాప్ వాళ్లు 2023 నుంచి పంపినదాన్ని పావుగంటలోపు దిద్దుకోనిస్తున్నారు, రెండు రోజుల దాకా అందరి ఫోన్లలోంచీ తీసెయ్యనిస్తున్నారు. అయితే ఏం, ఈలోపు ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపులో పెట్టేస్తారు. ఈ స్క్రీన్‌షాట్ల రాయబారం మానుకుంటే మన కుటుంబాల్లో చాలా తగాదాలు పుట్టనే పుట్టవు. అక్క గ్రూపులో అన్నది వదిన గ్రూపుకి మోసుకెళ్లడం పాతకాలపు చాడీయే కదండీ. చాడీ అయితే "నేనలా అనలేదు" అనైనా అనొచ్చు, దీనికి ఆ వీలూ లేదు.

ఇంతవరకూ చదివి, "అయితే ఏమీ అనకుండా నోరు మూసుకుని కూర్చోమంటారా?" అని మీరు అడగొచ్చు. ఆడవాళ్లకి మర్యాద నేర్పుతామని వచ్చినవాళ్లు చాలామంది చివరికి చెప్పేది అదే కాబట్టి మీ అనుమానం న్యాయమే. మా అపార్టుమెంటు గ్రూపులోనే చూశాను. మెయింటెనెన్స్ పెంచారు, నీళ్ల ట్యాంకర్లకి ఎంతైంది, లెక్కలు చూపించండి అని మూడో అంతస్తు కోడలు పిల్ల పద్ధతిగా అడిగింది. ఒక్క జవాబు రాలేదు. రెండోసారి అడిగితే "మీ వారిని మీటింగ్‌కి రమ్మనండమ్మా, మాట్లాడతాం" అన్నారు. మూడోసారి అడిగితే "గ్రూపు వాతావరణం పాడుచెయ్యకండి" అన్నారు. ఆ పిల్ల అన్న ఒక్క మాటలో అమర్యాద లేదు. అడగడమే అమర్యాద అయిపోయింది! నేను మధ్యలో దూరి, "ఆవిడ అడిగిన లెక్కలు నాకూ కావాలి" అని ఒక్క వాక్యం రాశాను. ఆ తర్వాత ఇంకో నలుగురు ఆడవాళ్లు అదే రాశారు. ఆదివారానికి లెక్కలు వచ్చాయి. ఒకరు మర్యాదగా అడుగుతుంటే పక్కనున్నవాళ్లు చూస్తూ ఊరుకోవడం కూడా ఒక మోటుతనమే అని నా అభిప్రాయం.

గార్గి కథ తెలుసుగా. జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూ పోతే, అతి ప్రశ్నలు వెయ్యకు, తల పడిపోతుంది అని ఆయన హెచ్చరించాడని బృహదారణ్యక ఉపనిషత్తులో ఉంది. ఆవిడ అప్పటికి ఊరుకుంది. మనకి ఎవరైనా కథ చెబితే ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆవిడ మళ్లీ లేచింది. సభవారి అనుమతి అడిగి, ఇంకో రెండు ప్రశ్నలున్నాయని చెప్పి మరీ అడిగింది. జవాబు నచ్చాక, ఈయన్ని మీరెవరూ గెలవలేరు అని సభకి తనే చెప్పింది. బెదిరిస్తే కూర్చోవడమూ తెలుసు, లేవడమూ తెలుసు, ఎదుటివాళ్లది సబబనిపిస్తే ఒప్పుకోవడమూ తెలుసు. ఈ చివరిది మన గ్రూపుల్లో ఎప్పుడైనా చూశారా? "అవును, మీరు చెప్పింది కరెక్టే" అని ఒకరు రాసిన రోజు నేను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుంటాను.

ఇదంతా తెలిసినవాళ్ల మధ్య సంగతి. ముక్కూముఖం తెలియనివాళ్లు ఆడపిల్ల ఏదో అభిప్రాయం రాసింది కదా అని ఆమె ఒంటి గురించీ నడత గురించీ రాస్తుంటారే, వాళ్లతో మర్యాదగా వాదించాలని నేను అనను. అసలు వాదించొద్దంటాను. తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, బ్లాక్ చెయ్యండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. బెదిరించినా, ఫొటోలు మార్చి పెట్టినా, వద్దన్నా వెంటపడినా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆడవాళ్లని వెంటాడి వేధించడం 78వ సెక్షన్, మాటలతో చేష్టలతో అవమానించడం 79వ సెక్షన్ కింద నేరాలు. ఇంటర్నెట్‌లో వెంటాడినా ఆ 78 వర్తిస్తుంది. "నువ్వెందుకు రాశావు అసలు?" అని మాత్రం మన పిల్లల్ని అడక్కండి.

అలాగని మనసు నొచ్చిన ప్రతిదానికీ పోలీసుల దగ్గరికి పోవడమూ మంచిది కాదు. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ముంబయి బంద్‌ని ప్రశ్నిస్తూ ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాస్తే, దాన్ని లైక్ చేసిన స్నేహితురాలితో సహా అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే అమ్మాయి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని కొట్టేసింది. చర్చించడం వేరు, ఒక అభిప్రాయాన్ని గట్టిగా సమర్థించడం వేరు, జనాన్ని రెచ్చగొట్టడం వేరు అని చెప్పింది. ఎవరికో చిరాకు కలిగినంతలో నేరం కాదన్నమాట. మంచిదే. అయితే అప్పుడు నా నవ్వు బొమ్మని ఆపాల్సింది కోర్టూ కాదు, గ్రూపు అడ్మిన్నూ కాదు.

పెళ్లి నుంచి ఇంటికి వచ్చాక చాలా రోజులు ఆలోచించాను. ఆమెకి చాటుగా సారీ చెప్పడం తేలిక. గుంటూరులోనే చేతులు పట్టుకుని చెప్పాను కూడా. కానీ అన్నది అరవై మంది ముందు. కాబట్టి గ్రూపులోనే రాశాను. 'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే' అని రాయబోయి కొట్టేశాను. 'ఉంటే' ఏమిటి, నొచ్చుకుంది కదా! "ఫలానా రోజు నేను నా స్నేహితురాలిని అందరి ముందూ ఎగతాళి చేశాను. ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదు. తప్పు నాది" అని రాశాను. ఆమె భర్త సంగతి రాయలేదు, అది చెప్పుకునే హక్కు ఆమెది. చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు విడిగా ఫోన్ చేసి ఆమె నంబరు అడిగారు. మిగతావాళ్లు మర్నాడు పొద్దున గులాబీలు పెట్టారు.

ఆమె మళ్లీ గ్రూపులోకి రాలేదు. నేను రమ్మని అడగలేదు. కానీ అప్పుడప్పుడూ రాత్రిపూట నాకొక్కదానికే ఏదో ఫార్వర్డ్ పంపిస్తుంది, కింద "ఇది నిజమేనంటావా?" అని. పోయిన వారం మోకాళ్ల నొప్పులకి ఏదో నూనె గురించి పంపింది. వెంటనే ఫోన్ చేశాను.

"నాకూ తెలీదే. నా మోకాళ్లూ నొప్పిగానే ఉన్నాయి. గురువారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా, అడిగి చెప్తా. అందాకా రాయకు" అన్నాను.

"ఇప్పటికే రాశానే!" అని నవ్వింది.